డెస్క్‌టాప్ బిజినెస్ అప్లికేషన్‌కి ఏ ఫ్రేమ్‌వర్క్? ముందు మాడ్యూళ్ల గట్లు చూసుకోండి

2025 సెప్టెంబర్ 3 రాత్రి జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయాలు బయటికి వచ్చాయి. చాలా మందుల మీద 12 శాతం ఉన్న పన్ను 5 శాతానికి దిగుతుంది, సెప్టెంబర్ 22 నుంచి అమలు. మర్నాడు పొద్దున తొమ్మిది కాకముందే కోఠిలో మందుల హోల్‌సేల్ చేసే ఒక పెద్దాయన ఫోన్ చేశారు.

"సార్, ఇరవై రెండో తారీఖు షాపు తెరిచేసరికి బిల్లు అయిదు పర్సెంట్ మీద పడాలె. ముందు అమ్మిన సరుకు వాపసొస్తే మాత్రం పన్నెండు మీదనే పోవాలె. అయితదా?"

"అయితది సార్" అన్నాను. అన్నానే గానీ, నాకున్న ధైర్యం సగమే. మా దగ్గర అప్పటికి రెండు సాఫ్ట్‌వేర్‌లు నడుస్తున్నాయి. రెండూ మేం రాసినవే, రెండూ మందుల స్టాకిస్టులకే. పాతది విన్‌ఫార్మ్స్‌లో, అంటే విండోస్ స్క్రీన్లు కట్టడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పాత సామగ్రిలో, రాసిన ఒకే ఒక్క ఈఎక్స్ఈ (నడిపే ఫైల్). అందులో పన్ను శాతం అనేది ఐటమ్ మాస్టర్‌లో ఒక కాలమ్. బిల్లు దాన్నే చదువుతుంది, కొనుగోలు ఎంట్రీ దాన్నే చదువుతుంది, సేల్స్ రిటర్న్, నెలాఖరు రిపోర్టులు అన్నీ దాని మీదే పడి ఉన్నాయి. అక్కడ 12 తీసి 5 పెడితే, ఆగస్టులో అమ్మిన మందు అక్టోబర్‌లో వాపసు వచ్చినప్పుడు క్రెడిట్ నోట్ (వాపసు సరుకుకి ఇచ్చే చీటీ) కూడా 5 మీద పడుతుంది. అది తప్పు. అసలు బిల్లు ఏ రేటు మీద పడిందో క్రెడిట్ నోటూ అదే రేటు మీద పడాలి. దాన్ని సరిచేయడానికి ఇద్దరం పదకొండు రోజులు కూర్చున్నాం. తర్వాత రోజూ రాత్రి షట్టర్లు దించాక ఒక్కో షాపు కంప్యూటర్‌లోకి మా దగ్గర్నుంచే ఎనీడెస్క్‌తో వెళ్లి ఈఎక్స్ఈ మార్చాం. ఎక్కడ ఏ బిల్లు తప్పు పడుతుందోనన్న టెన్షన్‌తో ఆ రెండు వారాలు సరిగ్గా నిద్రపోలేదు.

కొత్త దాంట్లో పన్ను లెక్క విడి మాడ్యూల్, అంటే మిగతాదాన్ని ముట్టుకోకుండా మార్చగలిగే భాగం. బిల్లు స్క్రీన్ దానికి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే నంబర్), తేదీ, విలువ ఈ మూడే ఇస్తుంది. అది పన్ను లెక్కగట్టి తిరిగిస్తుంది. రేట్ల పట్టికలో 'ఏ తేదీ నుంచి' అనే గడి మొదటి నుంచీ ఉంది. రిటర్న్ స్క్రీన్ ఇవాళ్టి తేదీకి బదులు అసలు బిల్లు తేదీని పంపుతుంది. కొన్ని మందులు ఏకంగా సున్నాకు వెళ్లాయి కాబట్టి వాటిని బిల్లులో విడిగా చూపడానికి చిన్న మార్పు రాశాం. రాయడానికి ఒక పూట, పరీక్షించడానికి మూడు రోజులు. ఒక చిన్న డీఎల్ఎల్ (మాడ్యూల్ ఉండే ఫైల్), కొత్త రేట్ల పట్టిక సర్వర్‌లో పెట్టాం. షాపులు పొద్దున్నే అప్లికేషన్ తెరవగానే అవి దిగిపోయాయి. ఎవరి కంప్యూటర్‌లోకీ వెళ్లాల్సిన పని పడలేదు.

ఈ రెండింటి వెనకా ఉన్నది మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్టే. పాతది రాసినవాళ్లం, కొత్తది రాసినవాళ్లం కూడా మేమే. తేడా అంతా పన్ను లెక్కకీ మిగతా అప్లికేషన్‌కీ మధ్య గట్టు ఉందా లేదా అన్న దగ్గరే ఉంది. ఫ్రేమ్‌వర్క్, అంటే మన అప్లికేషన్ కట్టుకోవడానికి సిద్ధంగా దొరికే పునాది, మన తరఫున గట్టు వేయదు. వేసిన గట్టును ఎవరూ తొక్కకుండా కాపలా కాస్తుంది. ఒక్కో ఫ్రేమ్‌వర్క్ ఆ కాపలా ఎంత గట్టిగా కాస్తుంది, దానికి మన దగ్గర ఎంత వసూలు చేస్తుంది అన్నదే ఇక్కడ నేను పోల్చి చెప్పదలుచుకున్నది. ఎవరి స్క్రీన్లు అందంగా ఉంటాయన్నది నాకు తర్వాతి విషయం.

పేర్ల జోలికి వెళ్లకముందు

ఫ్రేమ్‌వర్క్‌ల పేర్లు తీయడానికి ముందు ఒక కాగితం మీద మీ అప్లికేషన్‌లో ఏ భాగం దేనితో సంబంధం లేకుండా మారుతుందో రాయండి. పన్ను ప్రభుత్వం చెప్పినప్పుడు మారుతుంది. మందుల కంపెనీల స్కీములు, అంటే పది కొంటే ఒకటి ఫ్రీ లాంటివి, నెల నెలా మారతాయి. ప్రింటింగ్ షాపులో కొత్త ప్రింటర్ కొన్న రోజు మారుతుంది. ఉద్దర ఖాతా లెక్క మాత్రం పదేళ్లయినా మారదు. ఇలా మారే కాలాన్ని బట్టి విడదీసినవే నిజమైన మాడ్యూళ్లు. మెనూలో ఉన్న పేర్లను చూసి సేల్స్ మాడ్యూల్, పర్చేజ్ మాడ్యూల్ అని విడదీస్తే అవి రెండూ చివరికి ఒకదాని టేబుళ్లలో ఒకటి చేయి పెడతాయి. మా పాత సాఫ్ట్‌వేర్‌లో మేం చేసిన తప్పు సరిగ్గా ఇదే.

తర్వాతి ప్రశ్న: మాడ్యూళ్లు మీరే రాస్తారా, బయటివాళ్లు కూడా రాస్తారా? మీ నలుగురే రాస్తే గట్టు కొంచెం మెత్తగా ఉన్నా ఫరవాలేదు, పక్క సీటులో ఉన్నవాడికి చెప్పుకోవచ్చు. మీ కస్టమర్ల సొంత ఐటీ మనుషులు, డీలర్లు కూడా రాస్తారంటే మాత్రం ఫ్రేమ్‌వర్కే అడ్డుపడి ఆపేంత గట్టి సరిహద్దు కావాలి.

మూడోది, అప్లికేషన్ మూయకుండానే మాడ్యూల్ మార్చాలా? ఈ ప్రశ్నకు చాలామంది ఆలోచించకుండా అవునంటారు. జీడిమెట్లలో మూడు షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీలో కూడా షిఫ్ట్ మారే వేళ అరనిమిషం అప్లికేషన్ మూసి తెరవడం ఎవరికీ కష్టం కాదు. షాపుల సంగతి సరేసరి, రాత్రికి మూసేవే. నడుస్తుండగా మార్చగలగడం చాలా ఖరీదైన సౌకర్యం. దాని అవసరం నిజంగా ఉన్న బిజినెస్ అప్లికేషన్ ఇన్నేళ్లలో నాకు ఒక్కటీ తగల్లేదు.

డబ్ల్యూపీఎఫ్, ప్రిజం

విండోస్ కంప్యూటర్లే ఉన్న చోట నేను మొదట చూసేది ఇదే. మైక్రోసాఫ్ట్ విండోస్ స్క్రీన్ల కోసం చేసిన డబ్ల్యూపీఎఫ్ 2006లో వచ్చింది. 2018 చివర్లో మైక్రోసాఫ్ట్ దీన్నీ విన్‌ఫార్మ్స్‌నూ ఓపెన్ సోర్స్ చేసింది, 2019లో డాట్‌నెట్ కోర్ 3.0తో రెండూ కొత్త డాట్‌నెట్‌లోకి వచ్చాయి. ఇరవై ఏళ్ల వయసున్న ఫ్రేమ్‌వర్క్ అని కొందరు చిన్నచూపు చూస్తారు. బిల్లింగ్ కౌంటర్‌కి ఆ వయసే మంచిది. మీకొచ్చే ఇబ్బంది ఈపాటికి ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది, దానికి విరుగుడూ దొరికే ఉంటుంది.

డబ్ల్యూపీఎఫ్‌లో మాడ్యూళ్ల ఏర్పాటు ఏమీ లేదు. దాని కోసమే 2008లో మైక్రోసాఫ్ట్‌లోని ప్యాటర్న్స్ అండ్ ప్రాక్టీసెస్ బృందం ప్రిజం తెచ్చింది. తర్వాత అది మైక్రోసాఫ్ట్ చేతుల్లోంచి బయటి డెవలపర్ల చేతుల్లోకి వెళ్లింది. అందులో పద్ధతి తేలిక. మెయిన్ విండోలో కొన్ని జాగాలకు పేర్లు పెడతారు, వాటిని రీజియన్లు అంటారు. ప్రతి మాడ్యూల్ లేచినప్పుడు తన సర్వీసులను నమోదు చేసుకుని, తన స్క్రీన్లను ఆ రీజియన్లలో పెట్టుకుంటుంది. ఒక మాడ్యూల్ ఇంకోదానితో నేరుగా మాట్లాడకుండా మధ్యలో కబుర్లు చేరవేసే ఈవెంట్ అగ్రిగేటర్ ఉంటుంది. ఒక ఫోల్డర్ చూపిస్తే అందులో ఉన్న మాడ్యూళ్లన్నిటినీ తనే లోడ్ చేసుకుంటుంది. ఏ కస్టమర్ దేనికి డబ్బు కట్టాడో ఆ డీఎల్ఎల్‌లే ఆ ఫోల్డర్‌లో ఉంచితే సరిపోతుంది.

ఇక దీని బలహీనత. ప్రిజం కాసే కాపలా మెత్తనిది. అన్ని మాడ్యూళ్లూ ఒకే ప్రాసెస్‌లో, మామూలుగా ఒకే లోడ్ కాంటెక్స్ట్‌లో (లైబ్రరీలను తెచ్చి పెట్టుకునే ఒకే జాగాలో) ఉంటాయి. స్కీముల మాడ్యూల్ ఒక ఎక్సెల్ లైబ్రరీ పాత వెర్షన్‌ను, రిపోర్టుల మాడ్యూల్ అదే లైబ్రరీ కొత్త వెర్షన్‌ను వాడాయనుకోండి, ఇద్దరిలో ఒకరికి దెబ్బ తగులుతుంది. మాకు ఇది సరిగ్గా ఒక మార్చి 31 సాయంత్రం తగిలింది. డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి ఒక్కో మాడ్యూల్‌కి విడి అసెంబ్లీ లోడ్ కాంటెక్స్ట్ ఇచ్చుకుని దీన్ని తప్పించుకోవచ్చు. కానీ అది ప్రిజం తనంతట తాను చేసిపెట్టే పని కాదు, మనం రాసుకోవాలి. పైగా డబ్ల్యూపీఎఫ్ స్క్రీన్లున్న మాడ్యూల్‌ను లోడ్ చేశాక అన్‌లోడ్ చేయడం చాలా కష్టం. మెమరీలో చివరిదాకా ఉండిపోయే ఏదో ఒక స్టాటిక్ రిఫరెన్స్ దాన్ని పట్టుకునే ఉంటుంది. మేం ఆ ప్రయత్నం మానేసి, మాడ్యూల్ మారితే అప్లికేషన్ తిరిగి తెరవాలన్న నియమం పెట్టుకున్నాం. హాయిగా ఉంది.

లైసెన్స్ సంగతి కూడా చూసుకోండి. ప్రిజం 8 వరకు ఎంఐటీ లైసెన్స్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 9 నుంచి కమ్యూనిటీ, కమర్షియల్ అని రెండు రకాలు చేశారు. చిన్న సంస్థలు కమ్యూనిటీ లైసెన్స్ కింద వాడుకోవచ్చు, అయితే మీ ఆదాయం ఆ షరతుల్లోకి వస్తుందో లేదో మొదలుపెట్టకముందే చదవండి. సగం పని అయ్యాక తెలుసుకోవాల్సిన సంగతి కాదది. నలుగురైదుగురే ఉన్న టీమ్ అయితే, మైక్రోసాఫ్టే ఇచ్చే డిపెండెన్సీ ఇంజెక్షన్ (ఏ భాగానికి కావాల్సిన సర్వీసు దానికి అందించే) లైబ్రరీ మీద ఒక చిన్న మాడ్యూల్ లోడర్ సొంతంగా రాసుకోవడం కూడా సబబే. మా కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది అలాంటిదే, నాలుగు వందల లైన్లు దాటలేదు.

నెట్‌బీన్స్ ప్లాట్‌ఫామ్, ఎక్లిప్స్ ఆర్‌సీపీ

అమీర్‌పేటలో జావా నేర్చుకున్న ప్రతివాళ్లూ ఎక్లిప్స్‌నో నెట్‌బీన్స్‌నో తెరిచే ఉంటారు. ఆ ఎడిటర్ల కింద ఉన్న పునాదిని విడిగా తీసుకుని మన సొంత అప్లికేషన్ కట్టుకోవచ్చన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అది నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే మాడ్యూళ్ల విషయంలో ఈ రెండింటికి సాటి వచ్చేది డెస్క్‌టాప్ లోకంలో ఇంకోటి లేదు.

నెట్‌బీన్స్ 1996లో ప్రాగ్ నగరంలో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ కొనుక్కుంది, ఆ తర్వాత ఒరాకిల్ చేతికి వచ్చింది, 2016లో అపాచీ ఫౌండేషన్‌కి ఇచ్చేశారు. ఇందులో ప్రతి మాడ్యూల్‌కీ దాని కోడ్‌ను తెచ్చిపెట్టే విడి క్లాస్ లోడర్. ఏ ప్యాకేజీలు బయటికి కనిపించాలో మాడ్యూలే ప్రకటించాలి. ప్రకటించని ప్యాకేజీని పక్క మాడ్యూల్ వాడబోతే బిల్డ్ దగ్గరే ఆగిపోతుంది. నేను గట్టి కాపలా అన్నది దీన్నే. కొత్తగా చేరిన కుర్రాడు తొందరలో అడ్డదారి తొక్కబోయినా ఫ్రేమ్‌వర్క్ తొక్కనివ్వదు.

దీనికి తోడు మనం నెలల తరబడి రాసుకోవాల్సిన పనులు ఇందులో ముందే ఉన్నాయి. విండోలను లాగి పక్కపక్కన అమర్చుకునే డాకింగ్, మూసి తెరిస్తే అవి ఎక్కడివి అక్కడే ఉండటం, సెట్టింగుల డైలాగ్, అన్నిటికన్నా ముఖ్యంగా అప్‌డేట్ సెంటర్. మాడ్యూళ్లను ఎన్‌బీఎమ్ ఫైళ్లుగా ఒక మామూలు వెబ్ సర్వర్‌లో పెట్టి, పక్కన ఒక క్యాటలాగ్ ఫైల్ పెడితే, కస్టమర్ దగ్గరున్న అప్లికేషన్ తనే వచ్చి మారిన మాడ్యూళ్లను మాత్రం తీసుకుపోతుంది. మేం డాట్‌నెట్‌లో మూడు నెలలు కష్టపడి రాసుకున్నది ఇక్కడ సిద్ధంగా దొరుకుతుంది. శాటిలైట్ చిత్రాలతో పనిచేసేవాళ్లకు తెలిసిన స్నాప్, నెట్‌వర్క్ గ్రాఫులు గీసే గెఫీ దీని మీద కట్టినవే.

ఎక్లిప్స్ ఆర్‌సీపీ ఇంకొక మెట్టు పైన ఉంటుంది. 2004లో వచ్చిన ఎక్లిప్స్ 3.0 నుంచి అది ఓఎస్‌జీఐ అనే ప్రమాణం మీద నడుస్తోంది. అందులో మాడ్యూల్‌ను బండిల్ అంటారు. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకా తనకు పనికొస్తుందో బండిల్ రాసి పెట్టుకుంటుంది. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు ఒకే అప్లికేషన్‌లో తగాదా లేకుండా ఉండగలవు. పైన చెప్పిన మార్చి 31 సాయంత్రం లాంటిది ఇక్కడ జరగదు. డేటాబేస్ పని చేసేవాళ్లు రోజూ వాడే డీబీవర్ ఈ పునాది మీదే నడుస్తోంది.

మరి నేను ఇదే ఎందుకు తీసుకోలేదు? నేర్చుకోవడానికి పట్టే కాలం. ఓఎస్‌జీఐలో మొదటి రెండు నెలలు సగం రోజులు 'క్లాస్ దొరకలేదు' అనే ఎర్రర్‌తోనే గడుస్తాయి. క్లాస్ అక్కడే కళ్ల ముందు ఉంటుంది, మ్యానిఫెస్ట్‌లో (బండిల్ తన వివరాలు రాసుకునే ఫైల్‌లో) ఒక లైన్ తప్పి ఉంటుంది. హైదరాబాద్‌లో జావా వచ్చినవాళ్లకు కొదవ లేదు. అయితే వాళ్లలో చాలామంది స్ప్రింగ్ బూట్‌తో సర్వర్ పని చేసినవాళ్లు. ఈ రెండు పునాదుల్లో స్క్రీన్లు గీసే స్వింగ్, ఎస్‌డబ్ల్యూటీ అంటే ఎందుకు వెనక్కి వెళ్లడం అంటారు. మనిషిని పట్టడం, నేర్పించడం, నేర్పాక నిలబెట్టుకోవడం మూడూ కష్టమే. రెండేళ్ల తర్వాత అతను మాదాపూర్‌లో పెద్ద కంపెనీకి వెళ్లిపోతే ఆ చోటు నింపడానికి మళ్లీ ఆరు నెలలు. అందుకని నేను ఈ రెండింటినీ ఒక రకం అప్లికేషన్లకు మాత్రమే చెబుతాను. రోజంతా ఒకే అప్లికేషన్‌లో పది కిటికీలు తెరుచుకుని కూర్చునే పని అయి ఉండాలి, ఆ అప్లికేషన్ పదేళ్లు నడవాలి, బయటివాళ్లు కూడా ప్లగిన్లు రాయాలి. ఇంజనీరింగ్ ప్లానింగ్, ల్యాబ్ డేటా విశ్లేషణ, ప్రొడక్షన్ షెడ్యూలింగ్ ఆ కోవలోవి. రెండింటిలో ఒకటే చెప్పమంటే నెట్‌బీన్స్ ప్లాట్‌ఫామ్ అంటాను, దారి కాస్త చదునుగా ఉంటుంది.

ఎలక్ట్రాన్, టౌరీ

వెబ్ టీమ్ ఉన్నవాళ్లంతా ముందు ఇటే చూస్తారు. తప్పు లేదు. 2013లో గిట్‌హబ్ తన ఎడిటర్ కోసం మొదలుపెట్టిన ఎలక్ట్రాన్ లోపల క్రోమియం అనే బ్రౌజర్, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ రెండూ ఉంటాయి. వెబ్ స్క్రీన్ల లైబ్రరీ రియాక్ట్ తెలిసిన కుర్రాళ్లు వారంలో స్క్రీన్లు చూపిస్తారు, అవి చూడ్డానికి బాగుంటాయి కూడా.

మాడ్యూళ్ల సంగతికొస్తే ఎలక్ట్రాన్ మీకు ఇచ్చేది ఏమీ లేదు. ఎలక్ట్రాన్ మీదే కట్టిన ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ఇన్ని ఎక్స్‌టెన్షన్లు నడవట్లేదా అని అడుగుతారు. నడుస్తున్నాయి, కానీ అది ఎలక్ట్రాన్ గొప్ప కాదు. ఎక్స్‌టెన్షన్లను విడి ప్రాసెస్‌లో ఉంచి, అవి తాకగలిగినవేమిటో గీత గీసి, ఆ ఏర్పాటంతా ఆ బృందమే కట్టుకుంది. ముగ్గురున్న టీమ్ అలాంటిది కట్టలేదు.

అప్‌డేట్ల వేగం ఇంకో చిక్కు. ఎలక్ట్రాన్ కొత్త పెద్ద వెర్షన్ దాదాపు ఎనిమిది వారాలకొకసారి వస్తుంది, చివరి మూడింటికే సపోర్ట్ ఉంటుంది. అంటే ఆరు నెలలు పట్టించుకోకపోతే మీ అప్లికేషన్ లోపలి బ్రౌజర్ భద్రత విషయంలో పాతబడిపోతుంది. ఉన్న కస్టమర్లను చూసుకోవడానికే మనుషులు చాలని చిన్న సంస్థకు ఇది బరువే. ఖాళీ అప్లికేషన్ కూడా డిస్కులో వంద ఎంబీ దాటుతుంది. 4 జీబీ ర్యామ్‌తో కౌంటర్ మీద ఏళ్ల తరబడి ఉన్న కంప్యూటర్‌లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. 2022లో 1.0 వచ్చిన టౌరీ ఈ బరువును బాగా తగ్గించింది. విండోస్‌లో ఉన్న వెబ్‌వ్యూనే (వెబ్ పేజీలు చూపించే భాగాన్నే) వాడుకుంటుంది కాబట్టి ఇన్‌స్టాలర్ చిన్నది. అయితే లోపలి పని రస్ట్ భాషలో రాయాలి, ఆ చేయి తిరిగినవాళ్లు మీ దగ్గర ఉండాలి.

అదే అప్లికేషన్ బ్రౌజర్‌లో కూడా నడవాలి, మ్యాక్‌లో కూడా నడవాలి, కౌంటర్ దగ్గర పాత సామాను ఏమీ తగిలించనక్కర్లేదు అంటే ఎలక్ట్రాన్ సరైన ఎంపికే.

మిగిలినవి

సీ++ ఫ్రేమ్‌వర్క్ క్యూట్ 1995 నుంచి ఉంది, చాలా దృఢమైనది, వేగమైనది. తూకం యంత్రాలు, ల్యాబ్ పరికరాలు, ఫ్యాక్టరీ మెషీన్లతో నేరుగా మాట్లాడాల్సి వస్తే నా మొదటి మాట అదే. ప్లగిన్ల ఏర్పాటు దానిలోనే ఉంది. కాకపోతే సీ++ ప్లగిన్‌ను అసలు అప్లికేషన్ బిల్డ్ చేసిన రకం కంపైలర్‌తోనే బిల్డ్ చేయాలి, ఎంఎస్‌వీసీతో ఒకటి, మిన్‌జీడబ్ల్యూతో ఒకటి చేస్తే కలవవు. ఎల్‌జీపీఎల్ అనే ఉచిత లైసెన్స్ కింద వాడితే మామూలుగా డైనమిక్ లింకింగ్ చేసి (క్యూట్‌ను విడి ఫైళ్లుగా ఉంచి), ఆ లైబ్రరీని మార్చుకునే వీలు కస్టమర్‌కి ఉంచాలి. పైథాన్ టీమ్ అయితే క్యూట్‌ను పైథాన్‌లో వాడనిచ్చే పైసైడ్6 చూడండి.

విన్‌ఫార్మ్స్‌ను తీసిపారేయకండి. మౌస్ ముట్టకుండా కీబోర్డు మీదే గంటకు వంద బిల్లులు కొట్టే కౌంటర్‌కి అది ఇప్పటికీ చురుగ్గా ఉంటుంది. మా పాత సాఫ్ట్‌వేర్ తప్పు విన్‌ఫార్మ్స్‌ది కాదని మొదటే చెప్పాను. అవలోనియా డబ్ల్యూపీఎఫ్ తెలిసినవాళ్లకు లైనక్స్, మ్యాక్ దారి తెరుస్తుంది, 2023లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి నమ్మి పని మొదలుపెట్టవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల మౌయీ లైనక్స్‌లో నడవదు, అది ఫోన్ అప్లికేషన్లకు దగ్గర. జావా స్క్రీన్ల లైబ్రరీ జావాఎఫ్ఎక్స్ 2018లో జేడీకే (జావా కిట్) 11 నుంచి విడిపోయింది, స్క్రీన్లు చక్కగా ఉంటాయి, మాడ్యూళ్ల బాధ్యత మాత్రం మీదే.

తెలుగు, ప్రింటర్, పాత విండోస్

ఫ్రేమ్‌వర్క్‌లను పోల్చేటప్పుడు ఈ మూడు సంగతులూ ఎక్కువమంది చూడరు. మన దగ్గర అప్లికేషన్ ఆగిపోయేది మాత్రం వీటి దగ్గరే.

మొదటి రోజే 'స్త్రీ', 'లక్ష్మి', 'జ్యోత్స్న' అని టైప్ చేసి చూడండి. ఇప్పటి ఫ్రేమ్‌వర్క్‌లన్నీ వత్తులు సరిగానే చూపిస్తాయి. జావాలో 9వ వెర్షన్ నుంచి అక్షరాల కూర్పు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటోంది. ఇంకా జావా 8 మీద ఉన్న అప్లికేషన్ అయితే కళ్లతో చూసి తేల్చుకోండి. చూపించడంతో అయిపోదు. 'మెడికల్స్‌' అన్న మాట చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు. ఒకరు అలా ఎంట్రీ చేసిన షాపు పేరు ఇంకొకరు వెతికితే దొరకదు. సేవ్ చేసేటప్పుడూ వెతికేటప్పుడూ దాన్ని తీసేసి పోల్చే పని ఏ ఫ్రేమ్‌వర్కూ మీ కోసం చేయదు. పాత డేటా 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటే అది యూనికోడ్ కాదు, మార్చుకునే మాడ్యూల్ ఒకటి కావాలి.

హోల్‌సేల్ షాపుల్లో ఇప్పటికీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఉన్నాయి, కార్బన్ కాపీ కావాలి కాబట్టి ఉంటాయి కూడా. వాటికి అక్షరాలను నేరుగా పంపితే బిల్లు రెండు మూడు సెకన్లలో బయటికొస్తుంది. ఫ్రేమ్‌వర్క్ మామూలు ప్రింట్ పద్ధతిలో బొమ్మలా పంపితే పావు నిమిషం పడుతుంది, క్యూలో ఉన్న మనిషి అసహనంగా చూస్తాడు. నేరుగా పంపడం డబ్ల్యూపీఎఫ్‌లో విండోస్ ఏపీఐతో, జావాలో ప్రింట్ సర్వీస్‌తో, ఎలక్ట్రాన్‌లో ఒక నేటివ్ మాడ్యూల్‌తో సాధ్యమే. ఎలక్ట్రాన్‌లో ఆ నేటివ్ మాడ్యూల్‌ను వెర్షన్ మారినప్పుడల్లా తిరిగి సరిచూసుకోవాలి. తెలుగు అక్షరాలు మామూలుగా ప్రింటర్ సొంత ఫాంట్‌లో ఉండవు కాబట్టి తెలుగు లైన్లు ఎలాగూ బొమ్మగానే పోవాలి. షాపు పేరు మాత్రం తెలుగులో, సరుకు వివరాలు ఇంగ్లిష్‌లో పెడితే వేగం తగ్గదు. ప్రింటింగ్‌ను విడి మాడ్యూల్ చేయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక విండోస్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అయినా కౌంటర్ల మీద అదే ఎక్కువ. విండోస్ 7 కూడా అక్కడక్కడా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ 23 నుంచి విండోస్ 7, 8 మీద నడవదు. డాట్‌నెట్ 8కి విండోస్ 10 కావాలి. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 అయితే సర్వీస్ ప్యాక్ 1 ఉన్న విండోస్ 7 మీద కూడా నడుస్తుంది. మీ కస్టమర్ల కంప్యూటర్ల జాబితా చేతిలో పెట్టుకుని కూర్చోండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి కొత్త సిస్టమ్ కొనుక్కోండని పది మందికి చెప్పగలం, వంద మందికి చెప్పలేం.

రెండు వారాలు పెట్టి తేల్చుకోండి

జాబితాలో రెండే పేర్లు మిగుల్చుకుని, ఒక్కోదానికి ఒక వారం ఇవ్వండి. రెండింటిలోనూ ఒకటే పని చేయాలి. ఖాళీ మెయిన్ విండో, పన్ను మాడ్యూల్, బిల్లు మాడ్యూల్, అంతే. బిల్లు పడాలి. తర్వాత పన్ను మాడ్యూల్‌ను మార్చి, వేరే కంప్యూటర్‌లో నడుస్తున్న అప్లికేషన్‌కి అది ఒక్కటే చేరేలా చేయాలి. ఆపైన కావాలనే పన్ను మాడ్యూల్‌ను పాడుచేయండి. అప్లికేషన్ లేస్తుందా? పన్ను మాడ్యూల్ లేదని అర్థమయ్యే భాషలో చెబుతుందా, లేక తెల్ల తెర చూపిస్తుందా? పాత మాడ్యూల్‌కి వెనక్కి వెళ్లడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? చివరగా, టీమ్‌లో అందరికన్నా కొత్తగా చేరినవాళ్లను పిలిచి బిల్లు మాడ్యూల్‌లోంచి పన్ను టేబుల్‌ను నేరుగా చదవమనండి. ఎక్కడ ఆగారో చూడండి. ఎక్కడా ఆగకపోతే ఆ గట్టును మీరే రోజూ కాయాలి.

ఈ ఆఖరి పరీక్షలో ఏ డెస్క్‌టాప్ ఫ్రేమ్‌వర్కూ పూర్తిగా నెగ్గదు. ఓఎస్‌జీఐ క్లాసులను ఆపుతుంది, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ రాసి పక్క మాడ్యూల్ టేబుల్ చదివితే దానికి తెలియదు. అందుకని మేం డేటాబేస్‌లో ఒక్కో మాడ్యూల్‌కి విడి స్కీమా (టేబుళ్ల గుంపు), విడి లాగిన్ ఇచ్చాం. బిల్లు మాడ్యూల్ లాగిన్‌కి పన్ను స్కీమా మీద హక్కే లేదు. టేబుళ్ల మార్పుల స్క్రిప్టులు కూడా ఏ మాడ్యూల్‌వి ఆ మాడ్యూల్‌తోనే వెళతాయి. ఇది ఫ్రేమ్‌వర్క్ ఎంపికకన్నా మాకు ఎక్కువ మేలు చేసింది.

మీ ముందున్నది హైదరాబాద్‌లో షాపులకో, చిన్న ఫ్యాక్టరీలకో విండోస్ మీద నడిచే అప్లికేషన్ అయితే, టీమ్ పది మందికి లోపైతే, డబ్ల్యూపీఎఫ్ తీసుకుని ప్రిజంతోనో సొంత లోడర్‌తోనో మొదలుపెట్టండి. కస్టమర్ల దగ్గర పాత విండోస్ ఎక్కువగా ఉంటే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద, లేకపోతే మూడేళ్లు సపోర్ట్ ఉండే సరి సంఖ్య డాట్‌నెట్ మీద. జావా గట్టిగా తెలిసిన ముగ్గురు మీతోనే ఐదేళ్లుంటారన్న నమ్మకం ఉండి, బయటివాళ్లు ప్లగిన్లు రాసే పనైతే నెట్‌బీన్స్ ప్లాట్‌ఫామ్. వెబ్ టీమే ఉంటే, కౌంటర్ సామాను లేకపోతే ఎలక్ట్రాన్. మెషీన్లు తగిలిస్తే క్యూట్.

కోఠి పెద్దాయన ఇంకా మా పాత సాఫ్ట్‌వేరే వాడుతున్నారు. ఆ ఈఎక్స్ఈలో మిగతాదేదీ ముట్టుకోకుండా పన్ను లెక్క ఒక్కటే దాన్నుంచి బయటికి లాగి, కొత్త మాడ్యూల్‌కి కలిపే పని ఈ నెల మొదలుపెట్టాం. అది అయ్యాక స్కీములు, ఆ తర్వాత ప్రింటింగ్. ఒకేసారి అంతా తిరగరాసి ఇస్తామని ఆయనకు చెప్పలేదు, చెప్పను కూడా. ఒక్కో మాడ్యూల్ బయటికి వచ్చిన రోజు ఆయన కౌంటర్ దగ్గరే కూర్చుని పూట మొత్తం బిల్లులు చూస్తాను.